ఎయిర్ ఫిల్టర్ పైపులో ఆయిల్: ఇంజిన్ దించేముందు ఇవి చూడండి

హన్మకొండలో తిరిగే పెట్రోల్ కారు, 85 వేల కిలోమీటర్లు, టర్బో లేదు. ఫిల్టర్ మార్చేటప్పుడు త్రాటిల్‌కు (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపుకు) పోయే లావు రబ్బరు పైపులో ఆయిల్ కనబడ్డది, షెడ్డులో "బోరుకొచ్చింది, ఇంజిన్ దించాలె" అన్నారు, అంటే సిలిండర్లు అరిగిపోయాయని. మీరు అడిగింది ఇదే కదా. పైపులో ఆయిల్ చూసి బోరు సంగతి చెప్పలేరండి. అది వచ్చింది బ్రీదర్ పైపు గుండా, అంటే ఈ లావు పైపు నుంచి ఇంజిన్ లోపలికి గాలి అందించే సన్న గొట్టం గుండా. ఎందుకొచ్చిందో తేల్చాలి.

ఎంత మంచి ఇంజిన్‌లోనైనా పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాస్ కిందికి, ఆయిల్ ఉండే చోటికి జారుతుంది. దాన్ని పీసీవీ అనే చిన్న వాల్వ్ గుండా మానిఫోల్డ్ (త్రాటిల్ దాటినాక సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) లాక్కుంటుంది, దాని బదులు బ్రీదర్ నుంచి మంచి గాలి లోపలికి పోతుంది. పీసీవీ మడ్డి పట్టి మూసుకుంటే గ్యాస్ బ్రీదర్‌లోంచి ఎదురు తంతుంది, ఆయిల్ తుంపరను మోసుకొని. పైపులో వేలు తిప్పితే జిడ్డు అంటడం మామూలే. వంపులో చెంచాడు ఆయిల్ నిలిచినా, ఫిల్టర్ కాగితం తడిసినా మామూలు కాదు. త్రాటిల్ ముందు పొడిగా ఉండి, దాటినాక మానిఫోల్డ్‌లో ఆయిల్ ఉంటే కథ వేరు. అప్పుడు పీసీవీ తెరుచుకునే ఉండిపోయి ఆయిల్‌ను పీలుస్తున్నట్టు, లేదా ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) లోపల ఆయిల్‌ను ఆపే రేకు దగ్గర దారి మూసుకుపోయినట్టు.

మొదట డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచే పుల్ల. సమతలం మీద బండి ఆపి, 10 నిమిషాలాగి చూడండి. చాలా చిన్న కార్లకు 3, 3.5 లీటర్లే పడుతుంది, 4 లీటర్ల డబ్బా తెస్తే మిగిల్చేదెందుకని పోసేస్తారు! మ్యాక్స్ గీత దాటితే క్రాంక్ (ఇంజిన్ కింద తిరిగే ఇరుసు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, అదంతా బ్రీదర్‌లోకే. ఎక్కువున్నది తీసేయండి. ఆయిల్ పెట్రోల్ వాసన కొడితే మాత్రం మార్చాల్సిందే.

ఫిల్టర్ కూడా చూడండి. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు లారీల వెనక తిరిగే బండికి ఫిల్టర్ త్వరగా పూడుతుంది. అప్పుడు పైపులో పీల్పు పెరిగి బ్రీదర్‌లోంచి ఆయిల్ తుంపర లాగుతుంది.

తర్వాత పీసీవీ. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వాల్వ్‌ను ట్యాపెట్ కవర్ నుంచి ఊడదీసి బొటనవేలు పెట్టండి, గట్టిగా పీల్చాలి. ఆపి, చేతిలో ఊపితే చాలా రకాలు టకటకమంటాయి. చప్పుడు లేకపోతే కడగొద్దు, కొత్తది వేయండి, ఇంజిన్ పని ముందు దాని ధర లెక్కలోకే రాదు. గొట్టం మెత్తబడి అతుక్కుపోయిందేమో కూడా చూడాలి. అన్నీ బిగించి, వేడి ఇంజిన్‌కు ఆయిల్ మూత తీసి కాగితం అడ్డం పెట్టండి. లోపలికి అంటుకుంటే మేలు, పొగతో పైకి తన్నితే రింగుల మీద అనుమానం.

అప్పుడే కంప్రెషన్ టెస్ట్, అంటే గేజీతో సిలిండర్లలో ఒత్తిడి కొలవడం. ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీయాలి, పెట్రోల్, ప్లగ్గుల కరెంటు కట్ చేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్‌తో ఐదారు కొట్టుడు తిప్పాలి. చాలా ఇంజిన్లకు 150 నుంచి 190 పీఎస్ఐ వస్తుంది, అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఏదైనా 15 శాతం దాటి తక్కువుంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక్కసారి వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు (వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బర్లు) పోయినట్టు, దానికీ ఈ పైపుకీ సంబంధం లేదు.

అన్నీ బాగుంటే పైపు, త్రాటిల్ శుభ్రం చేసి, 1000 కిలోమీటర్లు తిప్పి మళ్ళీ విప్పి చూడండి. త్రాటిల్ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా త్రాటిల్ పలకను వేలితో నెట్టొద్దు. గాలి కొలిచే సెన్సార్ ఉంటే దాని సన్న తీగను గుడ్డతో ముట్టొద్దు, తెగుతుంది. దానికి వేరే స్ప్రే దొరుకుతుంది.