లాగిన్ అవుతోంది కానీ సెట్‌పాయింట్ మారడం లేదు, ఏం చూడాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల మేత ప్లాంటు, మెషీన్‌ని నడిపే టచ్‌స్క్రీన్ సీమెన్స్ కంఫర్ట్ ప్యానెల్. సర్వీస్ ఇంజనీరు ప్రాజెక్టుని, అంటే ప్యానెల్ ప్రోగ్రామ్‌ని, అందులోకి మళ్లీ డౌన్‌లోడ్ చేసి వెళ్లాక కొందరు ఆపరేటర్లకు లాగిన్ కావడం లేదు. అయినవాళ్లకేమో మేతను ఆవిరితో ఉడికించే కండిషనర్ టెంపరేచర్ సెట్‌పాయింట్, అంటే ఎంత వేడి ఉండాలో పెట్టే అంకె, మారడం లేదు. ఇవి రెండు వేర్వేరు సమస్యలండీ, విడివిడిగా చూడండి.

లాగిన్ కాకపోవడం సంగతి ముందు. ల్యాప్‌టాప్‌లోని టీఐఏ పోర్టల్ (సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) నుంచి డౌన్‌లోడ్ చేసేటప్పుడు యూజర్ అడ్మినిస్ట్రేషన్ డేటాను ఓవర్‌రైట్ చేయాలా అని ఒక టిక్ వస్తుంది. హడావిడిలో దాన్ని ఎవరూ చదవరు. అది పెట్టి పంపితే ప్యానెల్ మీదే కలిపిన యూజర్లు పోతారు, మార్చుకున్న పాస్‌వర్డ్‌లు పోయి ప్రాజెక్టులో ఉన్నవి తిరిగొస్తాయి. ప్యానెల్ మీద చేసిన మార్పులు ల్యాప్‌టాప్‌లోని ప్రాజెక్టులోకి వాటంతటవే చేరవు మరి. భీమవరం చుట్టుపక్కల నేను మెయింటెనెన్స్‌కి వెళ్లే ప్లాంట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. మొదట పెట్టిన పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నించండి, తీసుకుంటే కారణం తేలిపోయినట్టే. ఈసారి ఎవరైనా డౌన్‌లోడ్‌కి వస్తే ముందుగా ప్రోసేవ్‌లో (సీమెన్స్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్) యూజర్ అడ్మినిస్ట్రేషన్ ఒక్కదాన్నైనా బ్యాకప్ తీయించండి, రెండు నిమిషాల పని.

ఇక రెండోది. పాస్‌వర్డ్ తీసుకున్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. యూజర్ ఒక గ్రూపులో ఉంటాడు, ఆ గ్రూపుకి కొన్ని ఆథరైజేషన్లు (అనుమతులు) ఉంటాయి, సెట్‌పాయింట్ బాక్స్ వాటిలో ఒకదాన్ని అడుగుతుంది. ప్రాజెక్టులో ఆ బాక్స్ ప్రాపర్టీస్ తెరిచి, సెక్యూరిటీ కింద ఏ ఆథరైజేషన్ రాసుందో చూడండి. అది మీ ఆపరేటర్ల గ్రూపుకి టిక్ అయి ఉందా? సాధారణంగా తేడా అక్కడే దొరుకుతుంది. అక్కడ అంతా సరిగ్గా ఉన్నా మారకపోతే మాత్రం లాగిన్‌ని వదిలేసి పీఎల్‌సీ, అంటే మెషీన్‌ని నడిపే కంట్రోలర్, వైపు వెళ్లండి. స్టీమ్ వాల్వ్ మాన్యువల్‌లో ఉంటే బాక్స్ పనిచేయకుండా ప్రోగ్రామ్‌లో అడ్డు (ఇంటర్‌లాక్) పెట్టేవాళ్లున్నారు, చూడ్డానికి అచ్చం పర్మిషన్ సమస్యలాగే ఉంటుంది.

మధ్యలో తనంతట తానే లాగౌట్ అవుతోందని కూడా రాశారు. అది యూజర్ లాగాఫ్ టైమ్, మామూలుగా 5 నిమిషాలు ఉంటుంది. సున్నా పెడితే అసలు లాగౌట్ కాదు, అది పెట్టకండి.

టెన్షన్ పడి అందర్నీ అడ్మినిస్ట్రేటర్ గ్రూపులో వేసేయకండి. సంక్రాంతికి సగం మంది కోడిపందేల బరుల దగ్గరుంటారు, ప్యానెల్ దగ్గరికి కొత్త కుర్రాడొస్తాడు. స్టీమ్ తగ్గిస్తే మేత గుళిక సరిగ్గా ఉడకదు, చెరువులో రొయ్య తినేలోపే విడిపోతుంది. రైతు ఫోన్ చేసి తిట్టేది మిమ్మల్నే. షిఫ్ట్ ఇన్‌ఛార్జికి ఒక గ్రూపు, ఆపరేటర్లకి ఒక గ్రూపు చాలు.

ఒక చిక్కుంది. ప్యానెల్ మీద యూజర్‌ని వేరే గ్రూపులోకి మార్చగలరు, పాస్‌వర్డ్ మార్చగలరు. గ్రూపుకి ఉన్న ఆథరైజేషన్ మార్చాలంటే మాత్రం ప్రాజెక్టు ఫైల్ ఉండాల్సిందే. మీ దగ్గర లేకపోతే సర్వీస్ బిల్లు కట్టే ముందే అడిగి తీసుకోండి, కట్టాక ఫోన్లు ఎత్తరు.