లోయరింగ్ స్ప్రింగులు ఒక్కటే చాలవు

ప్రశ్న: రోజూ కావలి నుంచి నెల్లూరుకు స్విఫ్ట్‌లో వెళ్తాను. ఏడాదికి రెండు రోజులు శ్రీపెరుంబుదూరు దగ్గరి రేస్ ట్రాక్‌లో నడుపుతాను. మలుపుల్లో బండి బాగా ఒరుగుతోంది. లోయరింగ్ స్ప్రింగులు (బండి ఎత్తు తగ్గించే గట్టి స్ప్రింగులు) వేయించనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఒక్క స్ప్రింగులే మార్చొద్దు. నేను అలాగే చేశాను. గట్టి స్ప్రింగుల ఊపును పాత షాక్ అబ్జార్బర్లు ఆపలేకపోయాయి, కొన్ని నెలలకే ఆయిల్ కారాయి. ఊళ్లో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండి అడుగు తగిలేది, నాకు ప్రాణం ఉసూరుమనేది.

ముందు అరిగిన బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు) మార్పించి, మంచి టైర్లు వేసి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. అదీ చాలకపోతే స్ప్రింగులు, షాక్‌లు ఒకదానికొకటి కుదిరే సెట్‌గానే కొనండి. ఎత్తు 25 మిల్లీమీటర్లకు మించి తగ్గించకండి. మిగతా 363 రోజులూ మీరు తిరిగేది మన రోడ్ల మీదే. ట్రాక్‌కు వెళ్లేముందు బ్రేక్ ఫ్లూయిడ్ తప్పకుండా మార్పించండి.