ఆరు పేజీల ఉత్తరంలో కేసు ఒక్క వాక్యమే

ప్రశ్న: ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. పక్క సీటు సహోద్యోగి నామీద మేనేజ్‌మెంటుకు లేనిపోనివి రాసిచ్చాడు. 14 నెలల క్రితం నన్ను తీసేశారు. ఆ తర్వాత కూడా తిడుతూ మెసేజ్‌లు పెడుతున్నాడు. 'కంపెనీ డబ్బు కాజేసి దొరికిపోయాడు' అని మా పాత స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో రాశాడు. అది జరిగి పది పదకొండు నెలలు అయి ఉంటుంది. నన్ను గ్రూపులోంచి తీసేశారు, ఆ ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాను. ఐదు నెలల క్రితం వేరే కంపెనీలో ఆఫర్ వచ్చి చివరి నిమిషంలో రద్దయింది. అక్కడి హెచ్‌ఆర్‌కు కూడా ఇతనే ఫోన్ చేసి అదే మాట చెప్పాడట. అతని ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ నాకు తెలుసు, ఇంకా మార్చినట్టు లేడు. అందులోంచి సాక్ష్యాలు తీసుకుని పోలీసు కేసు పెట్టొచ్చా? పేరు ప్రచురించవద్దు.

జవాబు: ముందు ఆ మెయిల్ తెరిచే ఆలోచన మానుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీరు పంపిన ఉత్తరం ఆరు పేజీలు. ఐదు పేజీలకు పైగా అతనెంత దుర్మార్గుడో, ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటూ ఎలా వెన్నుపోటు పొడిచాడో ఉంది. జడ్జిగారికి అవేవీ అక్కర్లేదు. ఏ మాట అన్నాడు, ఎవరితో అన్నాడు, ఏ రోజు అన్నాడు? ఆయన అడిగేవి ఇవే. మూడోదానికి మీ జవాబు 'పది పదకొండు నెలలు అయి ఉంటుంది'. అకౌంట్స్‌లో తొమ్మిదేళ్లు చేశారు కదా, తేదీ లేని ఓచరు ఎప్పుడైనా పాస్ చేశారా?

ఇంతగా ఎందుకు పట్టుకున్నానంటే, పరువు నష్టానికి పరిహారం కోరుతూ సివిల్ దావా వేయడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు ఒక్క ఏడాదే. రాసిన మాటకు 75వ ఆర్టికల్, నోటిమాటకు 76వ ఆర్టికల్. ప్రామిసరీ నోటుకు మూడేళ్లుంటుంది కాబట్టి దీనికీ అంతే ఉంటుందనుకుని చాలామంది నిమ్మళంగా కూర్చుంటారు. ఏడాది దాటాక ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ పెట్టుకుందామన్నా కుదరదు, ఆ వెసులుబాటు అప్పీళ్లకూ దరఖాస్తులకూ తప్ప దావాలకు లేదు. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. నోటీసుల మీద నోటీసులు పంపుకుంటూ ఏడాది గడిపేసి, చేతులు ఖాళీ అయ్యాక వచ్చే కక్షిదారులు నాకు కొత్తేం కాదు. మెసేజ్ ఇంకా గ్రూపులోనే ఉంది కాబట్టి రోజుకో కొత్త గడువు పుడుతుందని మీ స్నేహితుడెవరో చెప్పారని రాశారు. ఇంటర్నెట్‌లో ఉండిపోయిన రాతల విషయంలో అలాంటి వాదనను ఢిల్లీ హైకోర్టు 2013లోనే ఒప్పుకోలేదు.

అంటే గ్రూపు మెసేజ్ మీద మీకు మిగిలింది నెలో రెండు నెలలో. అసలు మిగిలిందో లేదో కూడా ఆ తేదీ దొరికితేగానీ తెలియదు. ఇక మీరు ఆరో పేజీ అడుగున, ఏదో గుర్తొచ్చినట్టుగా రాసిన వాక్యం ఒకటుంది: హెచ్‌ఆర్‌కు ఫోన్ చేశాడన్నది. నా దృష్టిలో మీ కేసు అదే. విన్న మనిషికి మీ పాత ఆఫీసు తగాదాలతో సంబంధం లేదు. నష్టం కాగితం మీద కనిపిస్తోంది, ఆఫర్ లెటర్ ఒకటి, దాన్ని రద్దు చేసిన మెయిల్ ఒకటి. గడువు కూడా ఉంది. అయితే దొంగతనం అంటగట్టే మాటకు గడువు మాట అన్న రోజు నుంచి లెక్కేస్తారు, అది మీ చెవిన పడ్డ రోజు నుంచి కాదు. ఆఫర్ రద్దయిన తేదీ కంటే ఫోన్ తేదీ ముందే ఉంటుంది కాబట్టి ఏడు నెలలున్నాయని ధీమాగా కూర్చోకండి.

'అతను ఫిర్యాదు చేయడం వల్లే నా ఉద్యోగం పోయింది' అన్నది మీ ప్రధాన బాధ. దాని మీద పరువు నష్టం నిలబెట్టడం కష్టం. నేరాలకు శిక్షలు చెప్పే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం గురించిన 356వ సెక్షన్ ఉంది, అందులోని ఎనిమిదో మినహాయింపు చూడండి. అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదు పరువు నష్టం కాదు. పనివాడి తప్పును యజమానికి చెప్పడాన్నే చట్టం అక్కడ ఉదాహరణగా ఇచ్చింది. సివిల్ దావాలోనూ ఇలాంటి రక్షణే అడ్డం పెడతారు. కుట్రతో రాశాడని నిరూపించే భారం మీమీద పడుతుంది. మీకు నేరుగా పంపిన తిట్లూ ఇందులోకి రావు, మూడో మనిషి చెవినో కంటనో పడితేనే పరువు నష్టం. ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, అతనికి మీమీద పగ ఉందని చూపడానికి పనికొస్తాయి. ఉద్యోగం తీసేయడం సరైనదా కాదా అన్నది వేరే కేసు, దానికీ విడిగా గడువు నడుస్తోంది. లేబర్ కేసులు చూసే లాయరును ఈ వారమే కలవండి.

మీరు జత చేసిన టెర్మినేషన్ లెటర్ రెండుసార్లు చదివాను. 'మీ సేవలు ఇక అవసరం లేదు' అని మాత్రమే ఉంది. డబ్బు ప్రస్తావన లేదు, విచారణ ప్రస్తావన లేదు. 'నేను అన్నది నిజమే' అని అతను వాదించే పక్షంలో మీ చేతిలో ఉన్న గట్టి కాగితం ఇదే. దీన్ని మీరు రెండు వాక్యాల్లో తేల్చేశారు!

ఇక పాస్‌వర్డ్ సంగతి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా. అనుమతి లేకుండా కంపెనీ సిస్టంలోకి వెళ్లినందుకు 43, 66 సెక్షన్లు అదనం. లాగిన్ అయిన సమయం, ఐపీ అడ్రస్ సర్వర్‌లో నమోదవుతాయి. పైగా ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాపీ పెట్టాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏ పరికరం, ఏ మోడల్, రంగు, సీరియల్ నంబరు, అది చట్టబద్ధంగా ఎవరి అధీనంలో ఉంది, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంకేతం) ఎంత, అన్నీ అందులో రాయాలి. అతని మెయిల్ మీ అధీనంలో ఉందని ఏ మొహం పెట్టుకుని సంతకం చేస్తారు? 'డబ్బు కాజేశాడు' అన్న మాటకు ఇప్పటిదాకా ఆధారం లేదు, మీరు లాగిన్ అయితే కనీసం 'మెయిల్ దొంగిలించాడు' అనడానికి మీరే ఆధారం ఇచ్చినట్టు.

ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశారని చదివి నాకు కోపం వచ్చింది. పరువు పోయిందని ఏడుస్తూనే, అందుకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని కొత్త ఫోన్ కోసం వదిలేసుకున్నారు. సరే, దారి మూసుకుపోలేదు. ఆ గ్రూపులో ఇంకా ఉన్న, మీకు నమ్మకమైన మనిషిని పట్టుకోండి. మెసేజ్ మీకు ఫార్వర్డ్ చేయమని మాత్రం అడగొద్దు, ఫార్వర్డ్ అయ్యాక మొదట ఎవరు రాశారన్నది కనిపించదు. ఆయన ఫోన్‌లోనే ఆ మెసేజ్ తెరిచి, తేదీ, సమయం కనిపించేలా, పంపినవారి పేరు మీద నొక్కితే నంబరు వచ్చేలా స్క్రీన్ రికార్డు చేయించండి. సేవ్ చేసుకున్న పేరును కోర్టు నమ్మక్కర్లేదు, నంబరు ముఖ్యం. ఫోన్ మార్చొద్దని ఆయనకు చెప్పండి. ఆయనే ఆ ఫోన్‌తో బోనెక్కి సాక్ష్యం ఇస్తే సర్టిఫికెట్ గొడవే ఉండదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఉట్టి ప్రింటు పెడితే సర్టిఫికెట్ తప్పదు, అందులో ఒక భాగం నిపుణుడు ఇవ్వాలి.

హెచ్‌ఆర్‌కు నాలుగు వాక్యాల మెయిల్ రాయండి. మర్యాదగా, నిష్ఠూరాలు లేకుండా. ఆఫర్ రద్దుకు కారణం ఏమిటి, ఫోన్ ఎవరు చేశారు, ఏ తేదీన, ఏమన్నారు. జవాబు రాకపోతే కంగారు పడకండి, దావా వేశాక ఆ మనిషిని సాక్షిగా పిలిపించమని కోర్టును కోరవచ్చు. ఇకపై ఇలా మాట్లాడకుండా ఇంజంక్షన్, అంటే కోర్టు నిషేధ ఉత్తర్వు, కూడా అదే దావాలో అడగవచ్చు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా పరువు నష్టానికి ఎఫ్‌ఐఆర్ కట్టరు. మేజిస్ట్రేట్ దగ్గర మీరే ప్రైవేటు కంప్లైంట్ వేసుకోవాలి. నేరం రుజువైతే రెండేళ్ల వరకూ సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. కంప్లైంట్‌కు గడువు మూడేళ్లు, అందుకే గ్రూపు మెసేజ్ సివిల్ గడువు దాటిపోయినా ఈ దారి ఉంటుంది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే, ఇప్పుడున్న నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం కేసు విచారణకు స్వీకరించే ముందే అవతలి వ్యక్తికీ చెప్పుకునే అవకాశం ఇస్తారు, కాబట్టి బలహీనమైన కంప్లైంట్‌తో వెళితే మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది.

ఈలోగా అతనికి ఫోన్ చేయకండి, ఆ గ్రూపులో ఎవరిచేతా జవాబు పెట్టించకండి. లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు టెర్మినేషన్ లెటర్, ఆఫర్ లెటర్, రద్దు మెయిల్, మీ మిత్రుడి స్క్రీన్ రికార్డు, తేదీల వారీగా రాసిన ఒక్క పేజీ పట్టుకెళ్లండి. ఆ పేజీలో 'అయి ఉంటుంది' అన్న మాట ఎక్కడా ఉండకూడదు.