హైవే యాక్సిడెంట్: ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం ఎన్నిసార్లు తిరగాలి?

ప్రశ్న: మూడు వారాల కిందట రాత్రిపూట కారులో వస్తుంటే నేషనల్ హైవే మీద వెనక నుంచి లారీ గుద్దింది. కారు డివైడర్ ఎక్కి ఆగింది. నా భార్యకు చెయ్యి విరిగింది, నాకు తలకు కుట్లు పడ్డాయి. ఆస్పత్రిలో ఒక కానిస్టేబుల్ వచ్చి ఏదో రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు, నేను చదివే స్థితిలో లేను. ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు పోలీస్ రిపోర్ట్ తెమ్మంటున్నారు. ఆ స్టేషన్ మాకు రెండు వందల కిలోమీటర్లు. ఫోన్ చేస్తే "ఎస్సై గారు లేరు, తర్వాత రండి" అంటారు. లారీ ఓనరు మనిషేమో కేసు వద్దు, రిపేరు ఖర్చు ఇచ్చేస్తాం అని రోజూ ఫోను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు సంతకం పెట్టింది బహుశా మీ వాంగ్మూలం. దాని మీదే కేసు కట్టి ఉంటే ఫిర్యాదుదారు మీరే, కాకపోయినా మీరు బాధితులు, కాబట్టి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది, బతిమాలుకునే పనేం లేదు.

అయితే అంత దూరం పరుగెత్తే ముందు రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్‌లో జిల్లా, స్టేషన్ పేరు కొట్టి వెతకండి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. దొరక్కపోతే కేసు లేదనుకోకండి, హైవే మీద ఒక స్టేషన్ పరిధి ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో చాలామందికి తెలియదు, పక్క స్టేషన్‌లో కూడా చూడండి. ఆస్పత్రి కాగితాల్లో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన గాయం కేసు) నంబర్ ఉందేమో చూసుకోండి, ఆ నంబర్ చెప్పి సమాచారం ఏ స్టేషన్‌కి పంపారో ఆస్పత్రిలోనే అడగొచ్చు.

అసలు కేసే కట్టలేదని తేలితే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మీ దగ్గరి స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి, అదే జీరో ఎఫ్‌ఐఆర్, తర్వాత వాళ్లే అక్కడికి బదిలీ చేస్తారు. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి, ఆ రసీదు జాగ్రత్త.

కాపీ చేతికొచ్చాక చాలామంది మడిచి ఫైల్లో పెట్టేస్తారు, చదవరు. మీరు మాత్రం లారీ నంబర్ దగ్గర ఆగి చూడండి. అక్కడ "గుర్తు తెలియని వాహనం" అని ఉంటే మీ కొంప మునిగినట్టే, ఎందుకంటే అప్పుడది హిట్ అండ్ రన్ కింద లెక్క, అలాంటి కేసులకున్న పరిహార పథకంలో తీవ్ర గాయానికి ఇచ్చేది 50,000 రూపాయలు. విరిగిన చేతికి ఆపరేషన్, ఫిజియోథెరపీ, పోయిన జీతం అన్నీ కలిపితే అది ఏ మూలకు? ఎఫ్‌ఐఆర్‌ని కొట్టేసి తిరగరాయరు గానీ, తప్పు ఉందని చెప్పి అదనపు వాంగ్మూలం ఇవ్వొచ్చు, లారీ ఫొటో ఉంటే దానికి జత చేయండి.

ఇంకో సంగతి, మీకున్నవి రెండు క్లెయిమ్‌లు, వీటిని కలిపేసుకుని జనం టెన్షన్ పడుతుంటారు. కారు డ్యామేజీ మీ సొంత ఇన్సూరెన్స్‌ది, దానికి ఎఫ్‌ఐఆర్ కోసం ఆగకుండా ఇవాళే మెయిల్ పెట్టండి, సర్వేయర్ చూడకుండా కారు ముట్టుకోనివ్వకండి. గాయాల పరిహారం లారీ ఇన్సూరెన్స్ నుంచి రావాలి, అది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో తేలుతుంది. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రూల్స్ ప్రకారం పోలీసులే మొదటి ప్రమాద నివేదిక 48 గంటల్లో, పూర్తి వివరాలతో ఇంకోటి 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి పంపాలి. అవి వెళ్లాయా అని ఎస్సై గారిని అడగండి. ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకి చట్టంలో రాసిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు, మీకు మూడు వారాలు ఇప్పటికే పోయాయి.

లారీ ఓనరు మనిషి ఇస్తానంటున్నది రేకుల ఖర్చు, మీ ఆవిడ చేతి ఖర్చు కాదు. "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న కాగితం మీద గానీ ఖాళీ స్టాంపు పేపర్ మీద గానీ సంతకం పెట్టొద్దు, ఒకసారి చదవకుండా పెట్టారు, అప్పుడైతే తలకు దెబ్బ తగిలింది కాబట్టి సరే.

స్టేషన్‌కి వెళ్లక తప్పకపోతే ఆర్సీ, లైసెన్స్, పాలసీ, డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్సులు రెండేసి సెట్లు పట్టుకెళ్లండి. కాపీ కావాలన్న అర్జీ ఇంటి దగ్గరే రాసుకుని, దాని నకలు మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకుని రండి.