ట్రక్కు లిఫ్ట్ చేయిస్తే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, మేం అమెరికాలో ఉంటున్నాం. కొత్తగా కొన్న ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కుని ఒక ఆఫ్‌రోడ్ షాపులో మూడున్నర అంగుళాలు లిఫ్ట్ చేయించాను, అంటే బండి ఎత్తు పెంచాను. కొన్నాళ్లకి ఫ్రంట్ డ్రైవ్‌షాఫ్ట్ (ముందు చక్రాలకి శక్తిని చేర్చే తిరిగే కడ్డీ) జాయింట్ మీదుండే రబ్బరు తొడుగు, అదే బూట్, చిరిగి గ్రీజంతా బయటికొచ్చేసింది. కంపెనీ షాఫ్ట్ ఈ ఎత్తుకి ఆగదని చెప్పి, అదే షాపువాళ్లు బయటి కంపెనీ డబుల్ కార్డాన్ (ఒకవైపు రెండు జాయింట్లు జతగా ఉండే రకం) షాఫ్ట్ వేశారు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) నుంచి ఆయిల్ కారుతోంది, లోపల గరగరమని శబ్దం. డీలర్ బండి కిందకి ఒకసారి తొంగిచూసి "మాడిఫై చేశారు, వారంటీ పోయింది" అన్నాడు. షాపువాళ్లు తప్పు మాది కాదంటున్నారు. షాఫ్ట్ కంపెనీ వారంటీ కాగితంలో ఆఫ్‌రోడ్ వాడకానికి వర్తించదని ఉంది. లిఫ్టూ షాఫ్టూ తీసేసి, పాత సామాను బిగించి ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లమని ఫ్రెండ్ ఒకడు అంటున్నాడు. దారిలో షాఫ్ట్ ఊడి ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ వస్తుందా అని మా ఆవిడకి టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ ఫ్రెండ్ చెప్పిన పని మాత్రం చేయకండి. మొదటి డీలర్ మీ బండి రికార్డులో లిఫ్ట్ సంగతి ఇప్పటికే రాసేసి ఉండొచ్చు. అది దాచిపెట్టి ఇంకోచోట క్లెయిమ్ వేస్తే, వారంటీ తగాదా కాస్తా మోసం ఆరోపణ దాకా వెళుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆ షాఫ్ట్, దాన్ని ట్రాన్స్‌ఫర్ కేస్‌కి కలిపే యోక్, దాని నట్టు, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ ఈ రోజు ఏ స్థితిలో ఉన్నాయన్నదే మీ కేసుకి సాక్ష్యం. వాటిని విప్పేస్తే అటు డీలర్ మీద, ఇటు షాపు మీద ఉన్న ఆధారాన్ని మీ చేతులతో మీరే చెరిపేసుకున్నట్టవుతుంది.

ఇక డీలర్ అన్న మాట సంగతి. 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం. ఫలానా బ్రాండ్ పార్టే వేయాలి, ఫలానా చోటే సర్వీసు చేయించాలి, లేకపోతే వారంటీ ఉండదు అని కంపెనీ షరతు పెట్టడానికి ఈ చట్టం ఒప్పుకోదు. ఆ పార్టు లేదా సర్వీసు కంపెనీయే ఉచితంగా ఇస్తే, లేదంటే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గర ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకుంటే తప్ప. బయటి పార్టు వాడినంత మాత్రాన వారంటీ రద్దు కాదని ఆ కమిషన్ వినియోగదారులకు సూటిగానే చెబుతోంది. ఇలాంటి షరతుల విషయంలోనే 2022లో మోటార్‌సైకిల్ కంపెనీ హార్లీ-డేవిడ్‌సన్ మీద చర్య కూడా తీసుకుంది. కాబట్టి ఆయన అన్నట్టు బండి మొత్తానికి వారంటీ పోయే ప్రసక్తి లేదు. రేపు ఏసీ పనిచేయకపోతే లిఫ్ట్ పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు.

కానీ చాలామంది ఇక్కడే ఆగిపోయి, చట్టం పేరు చెబితే చాలు డీలర్ దిగొస్తాడనుకుంటారు. చట్టం అంత దూరం వెళ్లదు. బయటి పార్టులో లోపం వల్ల గానీ, దాన్ని సరిగ్గా బిగించకపోవడం వల్ల గానీ కంపెనీ పార్టు చెడిపోతే ఆ రిపేరుకి డబ్బు ఇవ్వనని కంపెనీ అనొచ్చు. పైగా మీరు ఒక బ్రాండ్ తీసి ఇంకో బ్రాండ్ వేసి ఊరుకోలేదు. లిఫ్ట్ అంటే బండి కొలతలనే మార్చడం. వారంటీ పుస్తకాల్లో మామూలుగా ఉండేది, యజమాని చేయించిన మార్పుల వల్ల కలిగిన నష్టాన్ని భరించం అని. మార్పులు ఉంటే వారంటీయే లేదని కాదు. మీ పుస్తకంలో ఆ పేరా తీసి ఒకటికి రెండుసార్లు చదవండి. మీ ట్రాన్స్‌ఫర్ కేస్ దేనివల్ల చెడింది అన్న ఒక్క ప్రశ్న మీదే ఈ వ్యవహారమంతా నడుస్తుంది. లిఫ్ట్ వల్లే చెడిందని చూపించాల్సింది వారంటీ ఇచ్చినవాడే. బండి కింద ఒకసారి తొంగిచూడటం చూపించడం కిందకి రాదు.

మీది ముందువైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండి అనుకుని చెబుతున్నాను. లిఫ్ట్ చేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ బాడీతోపాటు పైకి పోతుంది, యాక్సిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెంటి మధ్య ఉన్న షాఫ్ట్ వాలు పెరుగుతుంది. కంపెనీ వేసిన సీవీ జాయింట్ (వంగినా ఒకే వేగంతో తిప్పే జాయింట్) ఆ వాలుకి తట్టుకోలేక బూట్ చిరగడం లిఫ్ట్ చేసిన బండ్లలో అందరికీ తెలిసిన రోగమే. కాబట్టి షాపువాళ్లు షాఫ్ట్ మార్చమనడంలో తప్పులేదు. డబుల్ కార్డాన్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు రెండు యు-జాయింట్లు (శిలువ ఆకారపు కీలు జాయింట్లు) పక్కపక్కనే ఉంటాయి, ఎక్కువ వాలుని తట్టుకుంటాయి. అయితే కింద యాక్సిల్‌లోకి వెళ్లే గేరు కడ్డీ, అదే పినియన్, దాదాపు షాఫ్ట్‌కి తిన్నగా ఉండాలి. లేకపోతే కిందివైపు ఒంటి జాయింట్ దగ్గర వేగం హెచ్చుతగ్గులై వణుకు పుడుతుంది. పినియన్‌ని పైకి తిప్పి సరిచేద్దామంటే కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి స్టీరింగ్ నిలకడ పోతుంది. ఈ రెంటికీ మధ్య పొత్తు కుదర్చడంలోనే షాపువాడి పనితనం ఉంది. యాక్సిల్‌ని విడదీసే ఏర్పాటు లేని చాలా ట్రక్కుల్లో ఈ షాఫ్ట్ టూవీల్‌లో వెళ్తున్నా తిరుగుతూనే ఉంటుంది. అంటే మీరు కొండలెక్కకపోయినా, హైవే మీద నడిపినంతసేపూ ఆ వణుకు ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు బేరింగ్ మీద పడుతూనే ఉంటుంది.

ఇదంతా మెకానిక్ చెప్పాల్సిన పాఠం, లాయర్‌కి ఎందుకంటారా? ఎవరి మీద కేసు వేయాలో తేలేది ఇందులోనే. ఆయిల్ సరిగ్గా ఎక్కడి నుంచి కారుతోంది? వెనక అవుట్‌పుట్ (వెనక షాఫ్ట్ బయటికొచ్చే చోటు) దగ్గరో, కేస్ రెండు సగాలు కలిసే అతుకు దగ్గరో అయితే ముందు షాఫ్ట్‌తో దానికి సంబంధం కలపడం కష్టం, డీలర్ వాదన నిలబడదు. ముందు అవుట్‌పుట్ సీల్ దగ్గర కారుతుంటే కథ వేరు. ఈ షాఫ్ట్ వేయడానికి చాలా బండ్లలో కంపెనీ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బిగించే పళ్లెం) తీసి యోక్ బిగించాలి. అప్పుడు సీల్ దెబ్బతిన్నా, నట్టు బిగింపు తేడా వచ్చినా మెల్లగా ఆయిల్ పోయి లోపలి సామాను ఎండిపోతుంది. అది షాపు పనిలో లోపం. వాలు సరిచూడకుండా వదిలేసి వణుకుతో బేరింగ్ పోయినా షాపు తప్పే. షాఫ్టే బ్యాలెన్స్ లేకుండా వచ్చి ఉంటే దాని తయారీదారు జవాబు చెప్పాలి. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం ముందు సీల్ మీదే. అదే నిజమైతే మీ అసలు తగాదా డీలర్‌తో కాదు, షాపుతో.

అందుకని ముందు ఈ రెండు వర్గాలతోనూ సంబంధం లేని మెకానిక్‌తో బండి చూపించండి. లీకు ఉన్నచోటు, యోక్, సీల్ అంచు, రెండు చివర్లా వాలు కొలత, జాయింట్లలో వదులు, అన్నీ ఫొటోలతో రాతపూర్వకంగా ఇమ్మనండి. మిగిలిన ఆయిల్ కొంచెం శుభ్రమైన సీసాలో పట్టి ఉంచండి. అందులో లోహపు పొడి ఉందా లేదా అన్నది తర్వాత పనికొస్తుంది. చిరిగిన పాత షాఫ్ట్ షాపులో ఇంకా ఉంటే అదీ తెచ్చుకోండి. ఎవరు ఏ పార్టు విప్పినా పారేయకూడదని డీలర్‌కీ షాపుకీ ముందే ఈమెయిల్ పెట్టండి.

డీలర్ నోటిమాటతో పంపించేస్తే ఒప్పుకోకండి. ఏ పార్టు, ఏ మార్పు వల్ల, ఎలా చెడిందని అంటున్నారో, వారంటీలో ఏ నిబంధన కింద కాదంటున్నారో రాసిమ్మని అడగండి. రాయడం అనేసరికి సగంమంది స్వరం మారుతుంది. ఆ తర్వాత తయారీ కంపెనీకే నేరుగా రాసి, వాళ్ల ప్రతినిధితో తనిఖీ చేయించమనండి. కోర్టుకి ముందు వాళ్లకి సరిచేసే అవకాశం ఇవ్వడం ఈ చట్టం ప్రకారం తప్పనిసరి. వారంటీలో మధ్యవర్తిత్వ ఏర్పాటు ఏదైనా ముందు వాడుకోవాలని ఉంటే అదీ దాటాలి. చివరికి మీరు గెలిస్తే మీ లాయరు ఫీజు కూడా కంపెనీ చేత కట్టించే అధికారం కోర్టుకి ఉంది. చిన్న క్లెయిముల్ని కూడా లాయర్లు తీసుకునేది అందుకే. ఫెడరల్ కోర్టుకి మాత్రం వివాదం విలువ కనీసం 50,000 డాలర్లు ఉండాలి కాబట్టి మీది రాష్ట్ర కోర్టులోనే నడుస్తుంది. లెమన్ లా (పదేపదే చెడే కొత్త బండి కొన్నవాళ్ల కోసం రాష్ట్రాలు పెట్టిన చట్టం) జోలికి పోకండి. యజమాని చేయించిన మార్పుల వల్ల వచ్చిన లోపాన్ని చాలా రాష్ట్రాల్లో అది పట్టించుకోదు.

షాపు విషయంలో ఆలస్యం చేయకండి. లూసియానా తప్ప మిగతా రాష్ట్రాలు సరుకుల అమ్మకానికి యూనిఫాం కమర్షియల్ కోడ్‌నే అనుసరిస్తాయి. లోపం తెలిశాక తగిన సమయంలో అమ్మినవాడికి చెప్పకపోతే ఏ పరిహారమూ దక్కదని అందులో ఉంది. కాబట్టి ఈ వారమే షాపుకీ షాఫ్ట్ కంపెనీకీ రాతలో నోటీసు పంపండి. మీకు కలిసొచ్చే మాట అదే కోడ్‌లో ఇంకొకటుంది. మీ బండి ఎంత ఎత్తు లేచిందో షాపుకి తెలుసు, ఏ షాఫ్ట్ సరిపోతుందో ఎంచింది వాళ్లే, వాళ్ల అనుభవాన్ని నమ్మే మీరు వేయించుకున్నారు. అలాంటప్పుడు ఆ పనికి ఆ సరుకు పనికొస్తుందన్న హామీ కాగితం మీద లేకపోయినా ఉన్నట్టే. బిల్లు మీదో మెసేజ్‌లోనో "మూడున్నర అంగుళాల లిఫ్ట్‌కి" అని ఉంటే జాగ్రత్తగా దాచండి. బిల్లు వెనక చిన్న అక్షరాలూ చదవండి. ఈ కోడ్ కింద కేసు వేయడానికి సరుకు అందిన నాటి నుంచి నాలుగేళ్ల గడువు ఉంటుంది గానీ, ఒప్పందంలో దాన్ని ఏడాదికి కుదించుకునే వీలుంది.

షాఫ్ట్ కంపెనీ ఆఫ్‌రోడ్ నిబంధన చూసి బెదిరిపోకండి. రాతపూర్వక వారంటీ ఇచ్చిన కంపెనీ, చట్టం దానంతటదే కల్పించే హామీల్ని పూర్తిగా కాదనడానికి మాగ్నసన్-మాస్ ఒప్పుకోదు. పరిమిత వారంటీ అయితే వాటి కాలాన్ని కుదించగలదు, అంతే. లిఫ్ట్ చేసిన బండ్ల కోసమని అమ్మి, ఆఫ్‌రోడ్ వెళితే మాకు సంబంధం లేదనడం వినడానికే బాగోదు. రాతలో అస్పష్టత ఉంటే రాసినవాడికి వ్యతిరేకంగా అర్థం చెప్పడం కోర్టుల పద్ధతి. అయినా మీరు ఆఫ్‌రోడ్ వెళ్లి ఉంటే వెళ్లానని చెప్పండి. ఫోన్‌లో ఫొటోలుంటాయి, అవి బయటికొస్తే మిగతా మాటలూ ఎవరూ నమ్మరు.

రాజీ కుదరకపోతే చిన్న మొత్తాల తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. వ్యక్తులకి కాలిఫోర్నియాలో 12,500 డాలర్ల దాకా, టెక్సాస్‌లో 20,000 దాకా అక్కడే తేల్చుకోవచ్చు. మీ రాష్ట్రం పరిమితి చూసుకోండి. మెకానిక్ రిపోర్టు కారణం తేల్చలేకపోతే షాపుని, షాఫ్ట్ కంపెనీని ఒకే కేసులో చేర్చండి. ఒక్కరి మీదే వేస్తే వాళ్లు రానివాళ్ల మీదకి నెట్టి చేతులు దులుపుకుంటారు.

మీ ఆవిడ అడిగింది అన్నిటికన్నా తొందరగా చూడాల్సిన విషయం. బండి లిఫ్ట్ చేసి ఉన్నంత మాత్రాన ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ కంపెనీ సాధారణంగా చెల్లించననదు. కానీ శబ్దం వస్తోందని, ఆయిల్ పోతోందని తెలిసీ నడిపి, షాఫ్ట్ తెగి ఎవరికైనా దెబ్బ తగిలితే నిర్లక్ష్యం రుజువు చేయడానికి మీరు నాకు రాసిన ఈ ఉత్తరం ఒక్కటి చాలు. నష్టం పాలసీ పరిమితి దాటితే మిగతాది మీ సొంత ఆస్తి మీద పడుతుంది. మెకానిక్ చూసేదాకా బండి తీయకండి, అతని దగ్గరికి కూడా టో చేయించే పంపండి. లిఫ్ట్ సంగతి ఏజెంట్‌కి ఇప్పటిదాకా చెప్పకపోతే ఇప్పుడు రాతలో చెప్పి, బయట వేయించిన సామానుకి విడిగా కవరేజ్ తీసుకోండి. అది లేకపోతే మీ లిఫ్ట్ కిట్‌కి, కొత్త షాఫ్ట్‌కి పాలసీలో విలువ కట్టకపోవచ్చు. ఎత్తు మీద మీ రాష్ట్రంలో హద్దులున్నాయేమో అదే ఊపులో చూసేయండి. ఉదాహరణకి కాలిఫోర్నియాలో 4,501 నుంచి 7,500 పౌండ్ల స్థూల బరువు రేటింగ్ (బండి, మనుషులు, సామాను అంతా కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) ఉన్న ట్రక్కు ఫ్రేమ్ నేల నుంచి 30 అంగుళాలు దాటకూడదు. మూడున్నర అంగుళాల లిఫ్ట్ ఒక్కటే అయితే ఇబ్బంది రాకపోవచ్చు గానీ, దాంతోపాటు పెద్ద టైర్లు కూడా వేయించి ఉంటే టేపు పెట్టి కొలవండి.