బ్లాగర్ల ప్రశ్నలు: పోస్టు లింకు నుంచి పవర్ బ్యాంకు దాకా

ప్రశ్న: హైదరాబాద్‌లో జరగబోయే ఒక టెక్ ఈవెంట్‌కి బ్లాగర్‌గా పాస్ వచ్చింది. ఇలా వెళ్ళడం ఇదే మొదటిసారి. ఫోన్ తప్ప వేరే కెమెరా లేదు. ఏమేం సర్దుకోవాలి, అక్కడ ఏం చూసుకోవాలి?
(ఖమ్మం పాఠకుడు)

జవాబు: ఫోన్ చాలు. అది సాయంత్రం దాకా బతికి ఉండేలా చూసుకోవడమే అసలు పని. పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా, ఆ లెక్క లోపల ఉండే 3.7 వోల్టుల సెల్‌ది. వోల్టేజీ మార్పులోనూ వేడిలోనూ కొంత పోతుంది. కాబట్టి 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని అది రెండుసార్లు నింపుతుందనుకోకండి, ఒకటిన్నర సార్లు నింపితే గొప్ప. కేబుల్ రెండోది పెట్టుకోండి. హాల్లో ఎవరో ఒకరు అడుగుతారు, ఇచ్చాక తిరిగిరాదు.

ఎంట్రీ క్యూఆర్ కోడ్‌ని ముందురోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గేటు దగ్గర వందలమంది ఒకేసారి మెయిల్ తెరుస్తుంటే నెట్‌వర్క్ కదలదు. పాస్ మీద ఏ పేరుందో అదే పేరున్న గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. హైటెక్స్, హెచ్‌ఐసీసీల్లో ఈవెంట్ అయితే హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. టీ-హబ్ అయితే రాయదుర్గం స్టేషన్ దాకా వెళ్ళొచ్చు.

ఇక ఫొటోలు. చీకటి హాల్లో వెలిగే తెరను ఆటో మోడ్‌లో తీస్తే స్లయిడ్ తెల్లగా మాడిపోతుంది, అక్షరం ఒక్కటీ కనబడదు. ఫోన్ చీకటికి సరిపడా వెలుతురు పెంచడమే దీనికి కారణం. తెరపై స్లయిడ్ ఉన్నచోట వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేయండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. అక్షరాలు స్పష్టమయ్యే దాకా లాగాలి, మనుషులు నల్లగా కనబడ్డా ఫరవాలేదు. వక్త ముఖం కావాలంటే అతని మీద ఫోకస్ పెట్టి ఇంకో ఫొటో తీయండి. రెండూ ఒకే ఫొటోలో రావు.

ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు పడితే అది లైట్ల మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/50 గానీ 1/100 గానీ పెడితే చాలావరకు పోతాయి. ఎల్ఈడీ గోడలు వేరే వేగంతో మినుకుతాయి, వాటికి 1/50 నుంచి ఇంకా కిందికి దించి చూడాలి. చారలు కాకుండా అలల్లాంటి గీతలు కనబడితే సెట్టింగులతో లాభం లేదు, నాలుగడుగులు పక్కకి జరిగి తీయండి.

మాటలు రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. కాల్ వచ్చిందంటే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, ఆగిన సంగతి గంట తర్వాత గాని తెలియదు. సౌండ్ బాక్స్‌కి మరీ దగ్గరగా కూర్చుంటే గొంతు పగిలినట్టు రికార్డవుతుంది. వక్త పేరు, హోదా ఉన్న మొదటి స్లయిడ్‌ని తప్పకుండా ఫొటో తీయండి. ఇంటికొచ్చాక పేరు స్పెల్లింగ్ కోసం వెతకడం కన్నా ఇది మేలు.

డెమో కౌంటర్ దగ్గర అడగాల్సిన ప్రశ్న: 'ఇందులో ఉన్నది అమ్మకానికి వచ్చే సాఫ్ట్‌వేరేనా?' చాలాసార్లు కాదు. పది నిమిషాలు చేతిలో పట్టుకున్న ఫోన్ బరువు, తెర, బటన్ల తీరు గురించి మీరు రాయొచ్చు. బ్యాటరీ గురించి, వేడెక్కడం గురించి రాయకూడదు. పోస్టులో మీరు చూసింది వేరుగా, వేదిక మీద వాళ్ళు చెప్పింది వేరుగా ఉంచండి. ధర, అమ్మకం మొదలయ్యే తేదీ మొదటి పేరాలోనే రావాలి. సమోసాలు బాగున్నాయన్న ముక్క చివర్లో ఉన్నా నష్టం లేదు.

ప్రశ్న: ఒక కంపెనీ ముందుగానే సమాచారం పంపి, ఉదయం 10 గంటల పసిఫిక్ టైమ్ (అమెరికా పశ్చిమ తీరపు సమయం) దాకా బయటపెట్టొద్దంది. మన టైమ్‌లో ఎప్పుడు?
(తిరుపతి పాఠకుడు)

జవాబు: నెలను బట్టి మారుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారం ఒక గంట ముందుంటుంది. ఆ కాలంలో అయితే మనకు అదే రోజు రాత్రి 10:30. మిగతా నెలల్లో రాత్రి 11:30. పోస్టును ముందే రాసి షెడ్యూల్ చేసేవాళ్ళు బ్లాగు సెట్టింగుల్లో టైమ్ జోన్ భారత్‌కి ఉందో లేదో చూసుకోవాలి. కొత్త బ్లాగుల్లో అది పసిఫిక్ టైమ్‌లోనో యూటీసీలోనో ఉండిపోయి, పోస్టు వేళ కాని వేళలో బయటికొస్తుంది. గడువుకన్నా ముందే ప్రచురిస్తే తర్వాతి ఆహ్వానం రాదు.

ప్రశ్న: తెలుగులో శీర్షిక పెడితే గూగుల్ వారి బ్లాగర్‌లో లింకు ప్రతిసారీ 'బ్లాగ్-పోస్ట్' అనే వస్తోంది. వర్డ్‌ప్రెస్‌లో అయితే శాతం గుర్తులతో చాంతాడంత లింకు. ఏం చేయాలి?
(నరసరావుపేట పాఠకురాలు)

జవాబు: బ్లాగర్ లింకులోకి ఇంగ్లిష్ అక్షరాలను, అంకెలనే తీసుకుంటుంది. శీర్షికలో అవేవీ లేకపోతే తన మామూలు పేరు పెట్టి, వెనక ఒక అంకె తగిలిస్తుంది. పోస్టు రాసే పేజీలో కుడిపక్క పర్మాలింక్ అని ఉంటుంది. దాన్ని తెరిచి కస్టమ్ ఎంచుకుని, మూడు నాలుగు ఇంగ్లిష్ మాటల్ని మధ్యలో హైఫన్లతో రాయండి. ప్రచురించే ముందే చేయాలి. ఇప్పటికే జనం పంచుకున్న పాత లింకులను కదపకండి. మార్చక తప్పదంటే సెట్టింగుల్లో కస్టమ్ రీడైరెక్ట్ కింద పాతదాన్నుంచి కొత్తదానికి దారి పెట్టాలి.

వర్డ్‌ప్రెస్ తెలుగును తీసుకుంటుంది గాని, అక్కడ ఇంకో చిక్కుంది. కంప్యూటర్లు అన్ని భాషలకూ వాడే యూనికోడ్‌లో మన ఒక్కో అక్షరానికి మూడు బైట్లు. లింకులో ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారుతుంది, అంటే అక్షరానికి తొమ్మిది. గుణింతాలు, పొల్లు, సున్న కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. 'లక్నవరం' మనకు నాలుగక్షరాల మాటే, లింకులో అది ఏడు తొమ్మిదులు 63 గుర్తులు. లింకులో శీర్షిక ఉండే చోటుకి వర్డ్‌ప్రెస్ ఇచ్చేది మొత్తం 200 గుర్తులు. మూడు మాటలు దాటితే శీర్షిక మధ్యలో తెగిపోతుంది. శీర్షిక తెలుగులోనే ఉంచి, స్లగ్ (లింకు చివర వచ్చే పేరు) మాత్రం ఇంగ్లిష్‌లో రాసుకోండి. వాట్సాప్‌లో పంపినప్పుడూ చూడ్డానికి బాగుంటుంది.

ప్రశ్న: 'సాఫ్ట్‌వేర్' అని కొడితే ట కింద వ వత్తు వచ్చి చేరుతోంది. విడిగా రావాలంటే?
(కర్నూలు పాఠకుడు)

జవాబు: పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తుగా మార్చడం యూనికోడ్ పద్ధతి. దాన్ని ఆపడానికి మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. స్పేస్ పెట్టి సరిపెట్టుకోకండి, లైను చివర మాట రెండు ముక్కలవుతుంది. ఎంఎస్ వర్డ్‌లో 200 అంకె వెంటనే ఇంగ్లిష్ సి అక్షరం కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ గుర్తు పడుతుంది. ఫోన్‌లో అయితే సరిగ్గా రాసి ఉన్న మాటను ఎక్కడినుంచైనా కాపీ చేసి, కీబోర్డు సొంత నిఘంటువులో షార్ట్‌కట్‌గా దాచుకోండి. టెక్ బ్లాగుల్లో పదే పదే వచ్చే ఇలాంటి మాటలు ఇరవై ముప్ఫై మించవు.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన వ్యాసాన్ని బ్లాగులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయని ఇంకొకరు అడిగారు. అది యూనికోడ్ కాదు, ముందు కన్వర్టర్‌లో మార్చాలి. మార్చాక వత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు దొర్లుతాయి, ఒకసారి మొత్తం చదువుకోక తప్పదు.

ప్రశ్న: వారాంతపు యాత్రల మీద రాస్తుంటాను. రామప్ప, లక్నవరం వెళ్తున్నాం. పోస్టు నలుగురికీ పనికొచ్చేలా ఏమేం రాసుకోవాలి?
(సికింద్రాబాద్ పాఠకురాలు)

జవాబు: రామప్ప గుడిని 1213లో కాకతి గణపతిదేవుడి కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించాడనీ, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందనీ, నీళ్ళలో తేలే ఇటుకలు వాడారనీ ఇప్పటికే అందరూ రాసేశారు. రెండు వాక్యాల్లో ముగించండి. చదివేవాళ్ళకు కావలసింది వేరే: ఎన్నింటికి బయల్దేరాలి, టిఫిన్ ఎక్కడ, చివరి పెట్రోల్ బంకు ఎక్కడ, ఏ నెట్‌వర్క్ ఎక్కడ పోతుంది, పెద్దవాళ్ళు ఎక్కలేని మెట్లున్నాయా, ఆడవాళ్ళకు శుభ్రమైన టాయిలెట్ ఎక్కడుంది. ఆఖరిది ఎవరూ రాయరు, అందరూ వెతుకుతారు.

హైదరాబాద్ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట 200 కిలోమీటర్ల పైనే. బండి బయల్దేరేటప్పుడు మీటరు రీడింగ్‌ని ఫొటో తీయండి. ఆగిన ప్రతిచోటా ఇంకోటి తీయండి. ఫొటోలో టైమ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి దూరం, సమయం రెండూ నోట్స్ అవసరం లేకుండానే దొరుకుతాయి. టికెట్లు, పార్కింగ్ చీటీలు పారేయకుండా ఫొటో తీసుకోండి. పోస్టులో ఏ ధర రాసినా పక్కన నెల, సంవత్సరం వేయండి. సెలవు రోజులు కూడా అంతే ముఖ్యం. సాలార్‌జంగ్ మ్యూజియం గురించి పేజీలకు పేజీలు రాసి, శుక్రవారం మూసి ఉంటుందన్న ఒక్క ముక్క రాయకపోతే ఆ పోస్టు చదివి వెళ్ళినవాళ్ళు గేటు చూసి తిరిగొస్తారు.

రామప్పలో వెలుతురు సంగతి కూడా రాయండి. గుడి తూర్పు ముఖం, కాబట్టి ముఖద్వారం వైపు ఎండ పొద్దున్నే పడుతుంది. చూరు కింద వాలుగా నిలబెట్టిన మదనికలు (స్త్రీ శిల్పాలు) నిగనిగలాడే నల్లరాతివి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఫోన్ ఆకాశాన్ని చూసి వెలుతురు తగ్గించేస్తుంది, బొమ్మ బొగ్గుముద్దలా వస్తుంది. బొమ్మ ముఖం మీద వేలు నొక్కి, ఈసారి సూర్యుడి గుర్తును పైకి జరపండి. ఇంకా మంచి పద్ధతి, ఆకాశం ఫ్రేములో పడకుండా గోడకి దగ్గరగా నిలబడి పైకి తీయడం. పురావస్తు శాఖ కట్టడాల్లో ఫోన్‌తో తీసుకోవచ్చు గాని ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి కావాలి.

ఫొటోలు ఎక్కించే ముందు వెడల్పు 1,200 నుంచి 1,600 పిక్సెళ్ళకు తగ్గించి, ఒక్కోటి 200 కేబీ లోపు ఉండేలా చూడండి. ఐఫోన్ ఫొటోలు దాచే హైక్ (HEIC) ఫైళ్ళను చాలా బ్రౌజర్లు చూపించవు, జేపెగ్‌గా మార్చాలి. షేర్ చేసేటప్పుడు లొకేషన్ తీసేసే ఆప్షన్ వాడండి. ఇంటి ముందు బండి సర్దుతూ తీసిన ఫొటోలో మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి, ఊరెళ్ళినట్టు కూడా మీరే చాటింపు వేసినట్టవుతుంది. అందుకే పోస్టును ఇంటికి తిరిగొచ్చాకే వేయడం మంచిది.

ప్రశ్న: సమీక్ష రాయమని ఒక కంపెనీ ఫోన్ పంపింది, ఉంచేసుకోమంది. పన్ను కట్టాలా? చదివేవాళ్ళకు చెప్పాలా?
(విజయవాడ పాఠకుడు)

జవాబు: రెండూ చేయాలి. 2022 జూలై 1 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం ఇలా వస్తురూపంలో వచ్చే లాభాలు ఒకరి నుంచి ఏడాదికి రూ. 20,000 దాటితే ఇచ్చేవాళ్ళు 10 శాతం టీడీఎస్ చూడాలి. రూ. 30,000 ఫోన్ అయితే రూ. 3,000. కొన్ని కంపెనీలు అది తామే భరిస్తాయి, కొన్ని మిమ్మల్ని కట్టమంటాయి. ఒప్పుకునే ముందే మెయిల్‌లో అడగండి. ఫోన్ విలువను రిటర్నుల్లో ఆదాయంగా చూపించాలి. సమీక్ష అయ్యాక వెనక్కి పంపేస్తే ఈ లెక్క వర్తించదు, కొరియర్ రశీదు మాత్రం దాచుకోండి.

చదివేవాళ్ళకు చెప్పడం గురించి ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమాలు పెట్టింది. 'ఈ ఫోన్‌ను కంపెనీ ఉచితంగా ఇచ్చింది' అన్న వాక్యం పోస్టు మొదట్లోనే, పోస్టు ఏ భాషలో ఉంటే ఆ భాషలో ఉండాలి. చివర హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచడం కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల చట్టం కింద రూ. 10 లక్షల దాకా జరిమానా ఉంది.

ప్రశ్న: పదేళ్ళ బ్లాగు. అంతా భద్రంగా దాచుకోవడం ఎలా?
(విశాఖపట్నం పాఠకురాలు)

జవాబు: బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్ నొక్కి ఇదివరకు దించుకున్న ఎక్స్ఎంఎల్ ఫైల్ ఒక్కటే చాలదు. అందులో పోస్టులు, వ్యాఖ్యలే ఉంటాయి, ఫొటోలకు లింకులు తప్ప ఫొటోలు ఉండవు. చాలామంది ఈ ఫైల్ ఉంది కదా అని పాత ఫోన్లలోని ఫొటోలు చెరిపేసుకుంటారు. గూగుల్ టేకౌట్ (గూగుల్‌లో ఉన్న మీ డేటాను దించుకునే సేవ) నుంచి ఫొటోలు కూడా దించుకోండి. వర్డ్‌ప్రెస్ ఎక్స్‌పోర్ట్ కూడా ఇలాంటిదే. రెండేళ్ళు ఎవరూ లాగిన్ కాని గూగుల్ ఖాతాను తొలగించే అధికారం 2023 డిసెంబర్ నుంచి గూగుల్‌కి ఉంది, దాంతోపాటు ఆ ఖాతా కింద ఉన్నవీ పోవచ్చు. బ్లాగు కోసమే తెరిచి పక్కన పడేసిన పాత జీమెయిల్ ఉంటే ఈరోజే ఒకసారి తెరవండి. సొంత డొమైన్ ఉంటే రెన్యువల్ మెయిళ్ళు ఏ ఐడీకి వస్తున్నాయో చూడండి. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చిన డొమైన్ రెండో ఏడాది రెట్టింపవడం మామూలే.

ప్రశ్న: గూగుల్ ప్రకటనల పథకం యాడ్‌సెన్స్ నుంచి చిరునామా సరిచూసే పిన్ ఇంకా రాలేదు.
(కరీంనగర్ పాఠకుడు)

జవాబు: ఆదాయం 10 డాలర్లకు చేరాక మామూలు పోస్టులో పంపుతారు, రెండు మూడు వారాలు దాటుతుంటుంది. చిరునామాలో పిన్‌కోడ్, ఇంటి నంబరు, ఎదురుగా ఉన్న గుర్తు సరిచూసుకుని మళ్ళీ పంపమని అడగండి. నాలుగు నెలల్లో పిన్ నమోదు కాకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. ఈలోపు మీ పోస్ట్‌మ్యాన్‌కి ఒక మాట చెప్పి ఉంచండి. ఆ కవరు మామూలు ప్రకటనల కాగితంలా ఉంటుంది, అపార్టుమెంటు వాచ్‌మన్ దగ్గరే ఉండిపోయే అవకాశం ఎక్కువ.