మెగాహెర్ట్జ్ చూసి కాలిక్యులేటర్ కొనకండి

ప్రశ్న: అమెరికా నుంచి వస్తున్న అన్నయ్యతో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తెప్పించుకుందామనుకుంటున్నా. ఒకదాని చిప్ 48 మెగాహెర్ట్జ్, ఇంకోదానిది 216. రెండోది నాలుగున్నర రెట్లు ఫాస్టా? అది వచ్చేదాకా ఫోన్‌లో ఎమ్యులేటర్ (కాలిక్యులేటర్‌లా పనిచేసే యాప్) ఏపీకే వేసుకోవచ్చా?
– బీటెక్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: సెలవుల ముందు ఇదే ప్రశ్న సూర్యాపేట నుంచి గద్వాల దాకా వస్తుంది. ముందు ఒక మాట: ఎప్‌సెట్, జేఈఈ మెయిన్‌లకు ఏ కాలిక్యులేటర్నీ లోపలికి రానివ్వరు. గేట్‌లో స్క్రీన్ మీదిదే వాడాలి. నేర్చుకోవడానికైతే కొనండి.

8-బిట్ చిప్ 14 అంకెల సంఖ్యను ముక్కలు ముక్కలుగా కూడుతుంది, 32-బిట్‌ది పెద్ద ముక్కలనే ఒక్కసారి మింగుతుంది. అందుకే మెగాహెర్ట్జ్‌లను భాగిస్తే వేగం తేలదు. గ్రాఫు గీతలో ఇంకో మోసం ఉంది. కొన్ని మిషన్లు ప్రతి మూడో పిక్సెల్ దగ్గరే విలువ లెక్కగట్టి మధ్యలో గీత కలిపేస్తాయి. అది వేగం కాదు, ఎగ్గొట్టడం! రిజల్యూషన్ సెట్టింగ్ ఉంటే దాన్ని 1కి, అంటే ప్రతి పిక్సెల్ దగ్గరా లెక్కగట్టేలా పెట్టి, రెండింట్లోనూ సైన్(1/ఎక్స్) గీయించండి. రేడియన్ మోడ్‌లో 1 నుంచి 1000 దాకా సైన్‌లు కూడే లూప్ నడిపి స్టాప్‌వాచ్ పట్టండి. కచ్చితత్వానికి డిగ్రీ మోడ్‌లో 9కి వరసగా సైన్, కాస్, ట్యాన్ తీసి, అదే దారిలో విలోమాలతో వెనక్కి రండి. 9కి ఎంత దూరంలో ఆగితే అంత తప్పు పోగవుతోందన్నమాట. అక్షరాలతో కారణాంకాలు తీసే సీఏఎస్ ఉందా లేదా అన్నది వీటన్నిటికంటే పెద్ద తేడా.

ఇక ఆ ఏపీకే సంగతి. వద్దు. ఫ్రీ రోమ్ ఫైల్ (కాలిక్యులేటర్ లోపలి సాఫ్ట్‌వేర్ కాపీ) పేరుతో టెలిగ్రామ్‌లో తిరిగే యాప్ ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ అనుమతులు అడిగితే అది లెక్కలకు కాదు. మొదటిది ఓటీపీ చదువుతుంది, రెండోది తెర మీద మీ బదులు తానే నొక్కుతుంది. గ్రాఫు గీయడానికి ఈ రెండూ ఎందుకు? అయినా ‘అలౌ’ నొక్కేవాళ్లు తగ్గరు. ఇప్పటికే వేసుంటే నెట్ ఆపి, యాక్సెసిబిలిటీలో దాన్ని ఆఫ్ చేసి, డివైస్ అడ్మిన్ జాబితాలోంచి తీసి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తొలగకపోతే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చేది వేరే ఫోన్ నుంచి. డబ్బు పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గ్రాఫులకు బ్రౌజర్‌లోనే జియోజీబ్రా ఉచితంగా దొరుకుతుంది.

కాలిక్యులేటర్ వచ్చాక వెంటనే అప్‌డేట్ కొట్టకండి. 2020లో ఒక రకానికి వచ్చిన అప్‌డేట్ అసెంబ్లీ ప్రోగ్రాములను, అంటే చిప్ భాషలో నేరుగా రాసుకునేవాటిని, నడవనీయకుండా చేసింది. పరీక్షల్లో కాపీ ఆపాలని కొన్నవాడి చేతిలోని సౌకర్యం పీకేయడం నాకు నచ్చని పద్ధతి. వెర్షన్ నంబర్ రాసిపెట్టుకుని, కొత్తదాంట్లో ఏం తీసేశారో చూసి, అప్పుడు నిర్ణయించుకోండి.